శైవలాలపై రంగు కాంతి ప్రభావాన్ని ఎలా పరీక్షించాలి?

క్లోరెల్లా వంటి సూక్ష్మ శైవలాలను రంగురంగుల ఎల్‌ఈడీల కింద పెంచి, ఎరుపు కాంతే మేలని తేల్చేసే ప్రయోగాలు కొల్లలు. వాటిలో చాలావరకు పోల్చింది రంగులను కాదు, దీపాల బలాన్ని. ఒక్క మెట్టు దగ్గర జాగ్రత్తపడితే ఈ శ్రమ వృథా కాదు.

ఒకే కొలత గల గాజు సీసాలు, బీజీ-11 పోషక ద్రావణం, గాలి పంపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు దీపాలు, వాటి మధ్య నల్లటి అడ్డుగోడలు సిద్ధం చేసుకోండి. ఎసిటేట్ ఉన్న ద్రావణం వద్దు. కొన్ని శైవలాలు దాన్నే తిని, వెలుతురు చాలకపోయినా పెరుగుతాయి. ఒకే సీసాలో పెంచిన శైవలాన్ని అన్నింటికీ పంచి, ఉష్ణోగ్రత సమానంగా ఉంచండి.

ఇక అసలు మెట్టు: దీపాలను సమం చేయడం. దయచేసి లక్స్ మీటరును పక్కన పెట్టండి. లక్స్ మనిషి కంటికి తగ్గట్టు ఏర్పడిన కొలమానం. మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి పచ్చని వెలుగును బాగా చూస్తుంది. నీలాన్నీ ముదురు ఎరుపునూ అంతగా పట్టించుకోదు. అందుకే లక్స్ సమానం చేస్తే నీలం, ఎరుపు సీసాలకు ఆకుపచ్చ సీసా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, అందుతాయి. వాట్లతో కొలిచినా తప్పే. 450 నానోమీటర్ల నీలి ఫోటానులో 660 నానోమీటర్ల ఎర్ర ఫోటాను కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు శక్తి ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియకు లెక్క ఫోటాన్లతోనే. నీలి ఫోటానులోని ఆ అదనపు శక్తి వేడిగా పోతుంది.

కాబట్టి 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఫోటాన్లను లెక్కించే క్వాంటమ్ సెన్సర్ తప్పనిసరి. దీపాలు వెలిగించి అరగంట ఆగండి, ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది. తరువాత సీసా నిలిచే చోటనే సెన్సర్ పెట్టి, ప్రతి రంగునూ చదరపు మీటరుకు సెకనుకు 50 మైక్రోమోల్ ఫోటాన్లకు సరిచేయండి. అంతకు మించవద్దు. కాంతి మరీ ఎక్కువైతే ఏ రంగులోనైనా కిరణజన్య సంయోగక్రియ తన గరిష్ఠ వేగాన్ని అందుకుంటుంది, రంగుల తేడా మరుగున పడుతుంది. తెల్ల దీపానికి రంగు కాగితం చుట్టే పద్ధతిని నేను ఒప్పుకోను. దానిలోంచి ఇతర రంగులు కారిపోతూనే ఉంటాయి.

ద్రావణం చిక్కబడితే ఈ జాగ్రత్తంతా నీరుగారిపోతుంది. 1882లో జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్‌మన్ పట్టకం గుండా వచ్చిన రంగులను శైవలపు పోగుపై పరిచినప్పుడు, ఆక్సిజన్‌ను వెతుక్కునే బ్యాక్టీరియా నీలం, ఎరుపు భాగాల దగ్గర గుమిగూడింది. అది పలుచని పోగు. చిక్కటి సీసాలో ముందు వరుస కణాలే నీలాన్నీ ఎరుపునూ మింగేస్తాయి, ఆకుపచ్చ మాత్రం లోపలి దాకా వెళ్తుంది. ఫలితం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ద్రావణాన్ని రోజూ పలుచన చేసి, లేతపచ్చగానే ఉంచండి.

అలవాటుపడటానికి వ్యవధి ఇవ్వండి. కణంలో కాంతిని పట్టే రెండు కాంతి వ్యవస్థల (ఫోటోసిస్టమ్‌ల) మధ్య శక్తి పంపకం నిమిషాల్లో మారుతుంది. వర్ణద్రవ్యాల మోతాదు మారడానికి రోజులు పడుతుంది. కణాలు కనీసం ఐదారు సార్లు విభజన చెందాకే కొలవండి. పెరుగుదల తెలియడానికి ద్రావణం 750 నానోమీటర్ల కాంతిని ఎంత అడ్డుకుంటుందో చూడండి. 680 వద్ద చూస్తే కణంలో పత్రహరితం పెరిగినా కణాలే పెరిగినట్టు కనిపిస్తుంది. పత్రహరితాన్ని 90 శాతం అసిటోన్‌తో, మసక వెలుతురులో తీయండి.

చివరగా, అన్ని సీసాల్లోని కణాలనూ ఒకే సాంద్రతకు తెచ్చి, ఒకే తెల్లకాంతి కింద ఆక్సిజన్ విడుదలను పోల్చండి. అక్కడా తేడా నిలిస్తే అది కణంలో వచ్చిన మార్పు. మాసిపోతే అది ఆ రంగు ఉన్నంతసేపటి ప్రభావం. ఈ ఫలితాన్ని స్పిరులినా అనే నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవికి అంటగట్టకండి. ఫైకోసయనిన్ అనే నీలి వర్ణద్రవ్యం ద్వారా అది 620 నానోమీటర్ల దగ్గరి కాంతిని బాగా పట్టుకుంటుంది, నీలాన్ని అంతగా వాడుకోలేదు. దానికి ప్రయోగం మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.