ఫ్యాను లేని మినీ కంప్యూటర్ మీ ఇంటికి వేగవంతమైన రౌటర్‌గా పనికొస్తుందా? పరీక్షించి చూడటం ఎలా?

మినీ కంప్యూటర్లు అమ్మే పేజీల్లో నాలుగు 2.5 జీబీపీఎస్ పోర్టులు, నాలుగు కోర్లు, చప్పుడు లేని పనితీరు అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. అవి చాలావరకు నిజమే. కానీ వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఇళ్లలో ఆ పెట్టెను రౌటర్‌గా పెట్టదలచినవారు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మే నెల మధ్యాహ్నం, పై అంతస్తులో స్లాబు కింద ఉన్న గదిలో, మీ కనెక్షన్‌కు అవసరమైన సెట్టింగులన్నీ పెట్టుకుని గంటల తరబడి నడిచాక కూడా ఆ వేగం నిలుస్తుందా? ఈ కింది పరీక్షలన్నీ ఆ ప్రశ్నకు జవాబు కోసమే. వాపసు ఇచ్చే గడువు ముగియకముందే వీటిని పూర్తి చేయాలి.

అసలు అవసరం ఉందా?

మీ ప్లాను 300 ఎంబీపీఎస్ లోపే ఉండి, ఇంట్లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్ వంటి వాటికి సంకేతలిపిలో నడిచే దారి) నడపవలసిన పని గానీ, ఒకరు సినిమా చూస్తుంటే మరొకరి వీడియో మీటింగు ఆగిపోయే ఇబ్బంది గానీ లేకపోతే, ఈ ఖర్చు పెట్టకండి. మంచి మామూలు రౌటర్ సరిపోతుంది. ప్లాను 500 ఎంబీపీఎస్ దాటినప్పుడు, లేదా ఇంటి నుంచి హైదరాబాద్ ఆఫీసు పని చేసేవారికి వీపీఎన్ రోజంతా అవసరమైనప్పుడు మాత్రమే మినీ కంప్యూటర్ తన విలువ చూపిస్తుంది. ఇది వైఫై పెట్టె కాదన్న సంగతి కూడా ముందే గుర్తుంచుకోవాలి. పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి, దానిలో డీహెచ్‌సీపీ (ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, వైఫై కోసం దాన్నే వాడుకోవాలి.

కొనేముందు చూడవలసినవి

ప్రాసెసర్ విషయంలో 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ఇంటి రౌటర్‌కు ధారాళంగా సరిపోతుంది. దానిలో నాలుగు కోర్లు ఉంటాయి, గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్, ఇంటెల్ ప్రకటించిన విద్యుత్ పరిమితి 6 వాట్లు. చవకగా దొరుకుతోందని 2019 నాటి జే4125 తీసుకుంటే మామూలు గిగాబిట్ పనికి ఇబ్బంది ఉండదు గానీ, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే కనెక్షన్ పద్ధతి), వీపీఎన్, ట్రాఫిక్ నియంత్రణ (ఒకరి డౌన్‌లోడ్ మరొకరి పనిని ఆపకుండా చూడటం) అన్నీ కలిసినప్పుడు అది ఆయాసపడవచ్చు.

నెట్‌వర్క్ చిప్పు మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి. ఇంటెల్ ఐ225 చిప్పు తొలి రూపాల్లో కనెక్షన్ తెగిపోయే లోపాలు బయటపడ్డాయి. తరువాత వచ్చిన ఐ226-వి ఉన్న పెట్టెను ఎంచుకోవడం మేలు. రియల్‌టెక్ 8125 చిప్పు లినక్స్ మీద బాగానే నడుస్తుంది కానీ, ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టిన ఓపీఎన్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ వాడదలిస్తే దానికి విడిగా డ్రైవర్ వేసుకోవలసి రావచ్చు.

2.5 జీబీపీఎస్ పోర్టులు ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ ఆ వేగంతో రాదు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే) పెట్టెకు ఉన్నది గిగాబిట్ పోర్టే అయితే, ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా 940 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. తీగల మాటకొస్తే, మంచి క్యాట్5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా 2.5 జీబీపీఎస్‌ను మోయగలదు కాబట్టి గోడల్లో ఉన్న తీగలను పీకవలసిన పని లేదు. అయితే కేబుల్ ఆపరేటర్ మనుషులు కొన్నిచోట్ల ఎనిమిది తీగల్లో నాలుగింటినే ప్లాస్టిక్ కొనలో బిగించి వదిలేస్తారు. పరీక్షలో వేగం సరిగ్గా 94 ఎంబీపీఎస్ దగ్గర నిలిచిపోతే మినీ కంప్యూటర్‌ను అనుమానించకండి. ముందు ఆ ప్లాస్టిక్ కొనను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంగుల తీగలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

పెట్టె చేతికి వచ్చాక

వారంటీ షరతులు ఒప్పుకుంటే అడుగున ఉన్న మరలు విప్పి లోపల చూడటం మంచిది. ఈ పెట్టెల్లో పైనున్న గీతల అల్యూమినియం మూతే ఫ్యాను పని చేస్తుంది. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి థర్మల్ పేస్టు ద్వారా, కొన్నిటిలో ఒక రాగి దిమ్మె ద్వారా, ఆ మూతకు చేరాలి. దిమ్మె ప్రాసెసర్‌కు సరిగా ఆనకపోయినా, పేస్టు ఒక మూలకే అంటుకుని మిగతాచోట ఎండిపోయినా, బయట మూత చల్లగా ఉంటూ లోపల ప్రాసెసర్ కాలిపోతుంటుంది. మూత చల్లగా ఉండటం ఇక్కడ మంచి లక్షణం కాదు. బరువైన పని చేస్తున్నప్పుడు మూత వేడెక్కితేనే వేడి దారి పట్టినట్టు. పాత పేస్టు తుడిచి కొత్తది పలుచగా రాస్తే ఉష్ణోగ్రత గణనీయంగా తగ్గే పెట్టెలు చాలానే ఉంటాయి.

తరువాత ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి ర్యామ్‌లో తప్పులు లేవని నిర్ధారించుకోవాలి. అమ్మినవారు ముందే వేసి పంపిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడకూడదు. ఇంటి మొత్తానికి ద్వారపాలకుడిగా ఉండబోయే యంత్రంలో ఎవరు ఏం వేశారో తెలియకుండా ఉండటం మంచిది కాదు. డిస్కును పూర్తిగా తుడిచి, రౌటర్ సాఫ్ట్‌వేర్లైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి గానీ ఓపీఎన్‌సెన్స్ గానీ వాటి అధికారిక వెబ్‌సైటు నుంచి దించుకుని వేసుకోండి. మెనూల్లో తిరుగుతూ నేర్చుకునేవారికి ఓపీఎన్‌సెన్స్ హాయిగా ఉంటుంది. పీపీపీఓఈ కనెక్షన్ ఉన్నవారికి, కేక్ అనే, ప్యాకెట్ల వరుసను సర్దే పద్ధతిలో ట్రాఫిక్ నియంత్రణ కావాలనుకునేవారికి లినక్స్ మీద నడిచే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి నా సలహా.

వేగాన్ని కొలిచే సరైన పద్ధతి

చాలామంది రౌటర్ మీదనే ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ సర్వర్ నడిపి, ల్యాప్‌టాప్ నుంచి కొలిచి, 2.35 జీబీపీఎస్ వచ్చిందని సంతోషిస్తారు. అందులో తెలిసేది ఒక తీగ సామర్థ్యమే. రౌటర్ అసలు పని ఒక పోర్టులోంచి వచ్చిన ప్యాకెట్‌ను పరిశీలించి, చిరునామా మార్చి, ఇంకో పోర్టులోంచి పంపడం. దాన్ని కొలవాలంటే రెండు కంప్యూటర్లు కావాలి. ఒకదాన్ని వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుకు తగిలించి దానికి 192.168.50.2 అని, ఆ వ్యాన్ పోర్టుకు 192.168.50.1 అని చిరునామాలు ఇవ్వండి. రెండోదాన్ని ల్యాన్ (ఇంటి వైపు) పోర్టుకు తగిలించండి. వ్యాన్ వైపు కంప్యూటర్‌లో ఐపెర్ఫ్3 సర్వర్ నడిపి, ల్యాన్ వైపు నుంచి కొలవండి. మామూలుగా నడిపితే అప్‌లోడ్ దిశ, తిరగేసే ఆప్షన్ ఇస్తే డౌన్‌లోడ్ దిశ, రెండు దిశల ఆప్షన్ ఇస్తే రెండూ ఒకేసారి కొలవవచ్చు. నాలుగు సమాంతర ప్రవాహాలతోనూ, ఒకే ప్రవాహంతోనూ విడివిడిగా చూడాలి. గిగాబిట్ తీగ మీద 941, 2.5 జీబీపీఎస్ తీగ మీద 2350 ఎంబీపీఎస్ ప్రాంతంలో వస్తే తీగ నిండినట్టే లెక్క. మిగిలిన భాగం ఈథర్నెట్, ఐపీ, టీసీపీ శీర్షికలకే పోతుంది.

ఈ పరీక్షలో పెద్ద ప్యాకెట్లే ప్రయాణిస్తాయి. 1500 బైట్ల ప్యాకెట్లతో గిగాబిట్ తీగ నిండటానికి సెకనుకు సుమారు 81 వేల ప్యాకెట్లు చాలు. అతి చిన్న 64 బైట్ల ఫ్రేములైతే అదే తీగ నిండటానికి 14.88 లక్షలు కావాలి. రౌటర్‌కు శ్రమ ప్యాకెట్ల సంఖ్యను బట్టి ఉంటుంది కనుక, ఆటలు, వీడియో కాల్స్, కెమెరాలు ఎక్కువగా ఉన్న ఇంట్లో 941 కనిపించగానే పరీక్ష ముగిసినట్టు భావించకూడదు.

మీ కనెక్షన్ ఎలా ఉందో అలాగే పరీక్షించండి

బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కనెక్షన్లు, స్థానిక ఆపరేటర్ల కనెక్షన్లు చాలా వాటిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతిలో వచ్చే ప్యాకెట్లను నెట్‌వర్క్ చిప్పు నాలుగు కోర్లకు పంచలేకపోవడం వల్ల భారమంతా ఒక్క కోరు మీద పడే అవకాశం ఉంది. ఓపీఎన్‌సెన్స్ విషయంలో ఇది ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి. డౌన్‌లోడ్ నడుస్తుండగా కోర్లను విడివిడిగా చూపే టాప్ వంటి సాధనం తెరిచి చూడండి. సగటు 30 శాతమే అని కనిపిస్తున్నా ఒక కోరు 100 శాతానికి తాకి మిగతావి ఖాళీగా ఉంటే, మీ రౌటర్ తన హద్దుకు చేరినట్టే. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో ప్యాకెట్ స్టీరింగ్ అనే సెట్టింగు ఆ భారాన్ని కొంత పంచుతుంది. పీపీపీఓఈలో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 బైట్లు అన్నది కూడా మరచిపోవద్దు. అది తప్పితే కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో ఆగిపోతాయి.

ఆ తరువాత ఆలస్యాన్ని కొలవాలి. నెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఏదైనా బయటి చిరునామాకు పింగ్ (వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎన్ని మిల్లీసెకన్లు ఉందో రాసుకుని, పెద్ద డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ పెట్టి మళ్లీ చూడండి. 10 ఉన్నది 150 అయితే వరుసలో ప్యాకెట్లు పేరుకుపోతున్నాయన్నమాట. ఎస్‌క్యూఎం (పైన చెప్పిన ట్రాఫిక్ నియంత్రణ) పెట్టి, పరిమితిని మీరు కొలిచిన వేగంలో 90 శాతం దగ్గర ఉంచితే పింగ్ మళ్లీ అదుపులోకి రావాలి. ఈ పనికి ప్రాసెసర్ బాగా ఖర్చవుతుంది కనుక, ఎస్‌క్యూఎం నడుస్తుండగా వచ్చే వేగమే మీ రౌటర్ అసలు వేగంగా పరిగణించాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడేవారు దాన్ని కూడా పెట్టుకునే కొలవాలి. ప్రాసెసర్‌లో ఏఈఎస్ అనే సంకేతలిపి పద్ధతికి సౌకర్యం ఉందన్న ప్రకటన వైర్‌గార్డ్‌కు ఉపయోగపడదు, ఎందుకంటే అది చాచా20 అనే వేరే పద్ధతి వాడుతుంది.

వేడి: అసలు పరీక్ష ఇక్కడే

రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. వరంగల్‌లోనూ ఎండ తక్కువేమీ కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా గదిలోకి వేడిని దించుతూనే ఉంటుంది. అందుచేత జనవరిలో కొన్న పెట్టెకు జనవరిలో చేసిన పరీక్షను అలాగే నమ్మకూడదు. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే రాసుకోకుండా, గది ఉష్ణోగ్రత కంటే అది ఎంత ఎక్కువ ఉందో రాసుకోండి. ఉదాహరణకు గది 24 డిగ్రీలు, ప్రాసెసర్ 58 డిగ్రీలు ఉంటే తేడా 34. అదే గది మేలో 41 డిగ్రీలైతే ప్రాసెసర్ 75 డిగ్రీలకు చేరుతుందని అంచనా వేయవచ్చు. వేడెక్కిన చిప్పులో లీకేజీ కరెంటు పెరుగుతుంది కనుక ఇంకో రెండు మూడు డిగ్రీలు కలుపుకోవడం క్షేమం. ఎన్100కు అనుమతించిన గరిష్ఠ పరిమితి 105 డిగ్రీలు. నా వరకు, మే అంచనా 85 దాటే పెట్టెను ఉన్నదున్నట్టుగా ఒప్పుకోను.

కొలిచేటప్పుడు పెట్టెను టేబుల్ మధ్యన గాలికి వదలకుండా, అది రేపు ఉండబోయే చోటే పెట్టండి. టీవీ స్టాండ్ అరలోనైతే అక్కడే, ఓఎన్‌టీ పక్కనైతే అక్కడే. ఐపెర్ఫ్3ను రెండు దిశల్లో కనీసం రెండు గంటలు నడపండి. లోహపు మూత నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి మొదటి పావుగంట అంకెలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. తరువాత స్ట్రెస్-ఎన్‌జీ అనే, ప్రాసెసర్ మీద భారం పెట్టే ప్రోగ్రామ్‌తో నాలుగు కోర్లనూ నింపి, ప్రాసెసర్ వేగం పడిపోతోందో లేదో గమనించండి. ఇంటి రౌటర్‌కు ఇంత భారం నిత్యం ఉండదు. ఎంత మిగులు ఉందో తెలుసుకోవడానికే ఈ రెండో పరీక్ష.

ఎన్‌వీఎంఈ డిస్కును (వేగవంతమైన ఎస్ఎస్‌డీ రకం) విడిగా చూడాలి. అలాంటి డిస్కుల్లో చాలావాటికి 70 డిగ్రీలే హద్దు. ప్రాసెసర్ నిక్షేపంగా ఉన్నా డిస్కు ముందు చేతులెత్తేయవచ్చు. రౌటర్‌కు వేగమైన డిస్కు అక్కరలేదు కనుక మామూలు సాటా ఎస్ఎస్‌డీ పెడితే ఆ బెడద తగ్గుతుంది.

అంకెలు ఎక్కువగా వస్తే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) పీఎల్1 అనే దీర్ఘకాల విద్యుత్ పరిమితిని చూడండి. ఎన్100 పరిమితి 6 వాట్లే అయినా, పెట్టె తయారీదారులు దాన్ని పెంచి పంపుతుంటారు. దాన్ని తగ్గించి మళ్లీ వేగం కొలిస్తే, రౌటర్ పనిలో తేడా అంతగా తెలియదు, వేడి మాత్రం దిగుతుంది. పెట్టె మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టడం, దుమ్ము పడకుండా గుడ్డ కప్పడం మానాలి. గీతల మధ్య చేరిన దుమ్మును పొడి బ్రష్‌తో అప్పుడప్పుడు దులపాలి.

కరెంటు, పిడుగులు

ఈ తరహా పెట్టె మామూలుగా 10 వాట్ల అటూ ఇటూ తీసుకుంటుంది. ఏడాది పొడవునా 10 వాట్లంటే 87.6 యూనిట్లు. మీ కరెంటు బిల్లు స్లాబు రేటుతో గుణించి చూసుకోండి. కరెంటు పోయి వచ్చాక పెట్టె తనంతట తాను లేవాలంటే బయోస్‌లో విద్యుత్ తిరిగి వచ్చినప్పుడు ఆన్ అయ్యే సెట్టింగు పెట్టాలి. పెట్టాక ప్లగ్ పీకి, పెట్టి, నిజంగా లేస్తోందో లేదో చూడాలి. మామూలు రౌటర్‌కు పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ దీనికి సరిపోతుందని అనుకోవద్దు. అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి, యూపీఎస్ అంత ఇవ్వగలిగితేనే కలపండి. పిన్ను కొలత, ధ్రువాలు కూడా కలవాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో ఉరుములు మెరుపులు వచ్చే మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇంట్లోకి వచ్చేది లోహపు తీగ కలవని గాజు ఫైబరే అయితే దాని ద్వారా పిడుగు దెబ్బ రాదు. కొందరు ఆపరేటర్లు స్తంభం మీది స్విచ్ నుంచి డాబా మీదుగా రాగి క్యాట్5 తీగ లాగుతారు. అలాంటి ఇంట్లో ఆ తీగకూ మినీ కంప్యూటర్‌కూ మధ్య ఒక చవక గిగాబిట్ స్విచ్ పెట్టండి. కాలితే తరచుగా ముందు అదే కాలుతుంది, మదర్‌బోర్డు దక్కే అవకాశం ఉంటుంది.

ఇవన్నీ నెగ్గాక పాత రౌటర్ స్థానంలో దీన్ని పెట్టేముందు ఆపరేటర్‌కు ఫోన్ చేసి, పాత రౌటర్ మ్యాక్ చిరునామాకు (నెట్‌వర్క్ పోర్టు గుర్తింపు సంఖ్య) కనెక్షన్ కట్టి ఉందేమో అడగండి. ఉంటే కొత్తది నమోదు చేయించండి, లేదా వ్యాన్ పోర్టుకు పాత చిరునామానే ఇవ్వండి. సెట్టింగుల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి దించి, ఆ పెన్‌డ్రైవ్‌ను పెట్టె పక్కనే ఉంచండి.