నాయకత్వంలో నిజాయితీ – 4వ పాఠం: లెక్క అప్పజెప్పడం

కిందటి పాఠంలో మాట గురించి చూశాం. ఈసారి డబ్బు. నాయకుడు ఎంత మంచివాడైనా, లెక్క చూపే పద్ధతి లేకపోతే అనుమానం పుడుతుంది. ప్రమాణాలు చేసి దాన్ని పోగొట్టలేం.

నిర్గమకాండము 38:21 నుంచి తెరవండి. చాలామంది దాటేసే భాగం ఇది. మోషే ఆజ్ఞ ప్రకారం, యాజకుడైన అహరోను కొడుకు ఈతామారు ఆధ్వర్యంలో లేవీయులు (ఆరాధన సేవ చేసే గోత్రంవాళ్లు) రాసిన ప్రత్యక్షగుడారపు, అంటే అరణ్యంలో ఆరాధనకు వేసిన గుడారపు లెక్క. కాగితం, కలం తీసుకుని వెండి పద్దు సరిచూడండి. లెక్కకు వచ్చినవాళ్లు 6,03,550 మంది, తలకు అర షెకెలు (షెకెలు, తలాంతు అప్పటి తూకాలు). మొత్తం 3,01,775 షెకెళ్లు. తలాంతుకు 3000 షెకెళ్ల చొప్పున 100 తలాంతులు, పైన 1775 షెకెళ్లు. 100 తలాంతులతో గుడారం నిలబెట్టే 100 దిమ్మలు పోతపోశారు. మిగిలిన 1775 స్తంభాల కొక్కేలకు, తొడుగులకు, కట్లకు సరిపోయాయి. జమ, ఖర్చు ఒక్క షెకెలు తేడా లేకుండా కలిశాయి. (మీ బైబిల్లో మణుగులు, తులాలు ఉంటే అంకెలు వేరుగా కనిపించవచ్చు.) దేవునితో ముఖాముఖి మాట్లాడిన మోషేని లెక్క అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అయినా ఎవరూ అడగకముందే రాయించాడు.

ఎజ్రా 8వ అధ్యాయంలో పద్ధతి ఇంకా స్పష్టంగా ఉంది. బబులోను నుంచి యెరూషలేముకు బయలుదేరే ముందు ఎజ్రా మందిరానికి ఇచ్చిన 650 తలాంతుల వెండిని, బంగారాన్ని, పాత్రలను తూచి 12 మంది యాజకులకు అప్పగించాడు. యెరూషలేము చేరాక నాలుగో రోజున మళ్లీ తూకం వేసి, అప్పటికప్పుడే బరువంతా రాశారు. ఇచ్చేటప్పుడు ఒక తూకం, పుచ్చుకునేటప్పుడు ఒక తూకం. రెండోది తప్పితే మొదటిదానికి విలువ లేదు.

ఇది ఎక్కడ చెడుతుంది? 2 రాజులు 12 చూడండి. మందిరం బాగుచేయడానికి డబ్బు తీసుకునేదీ, పని చేయించాల్సిందీ యాజకులే. యూదా రాజు యోవాషు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా పని జరగలేదు. దొంగతనం జరిగిందని అక్కడ రాయలేదు. వసూలు, ఖర్చు ఒకే చేతిలో ఉన్నాయి, అంతే. అప్పుడు మూతకు బెజ్జం పెట్టిన పెట్టె వచ్చింది. అది నిండినప్పుడు రాజు లేఖికుడు, ప్రధానయాజకుడు కలిసి లెక్కపెట్టి, సంచుల్లో కట్టి, పని చూసేవాళ్లకు ఇచ్చేవారు.

అదే అధ్యాయం 15వ వచనం చూపించి, "నమ్మకస్థులను లెక్క అడగలేదు కదా" అనేవాళ్లు ఉన్నారు. అది పనివాళ్లకు కూలి ఇచ్చినవాళ్ల గురించి. వాళ్ల చేతికి డబ్బు రాకముందే ఇద్దరు లెక్కపెట్టారు. ఆ వచనాన్ని విడదీసి వాడుకోవడం అన్యాయం.

అభ్యాసం: మీ చేతి మీదుగా పోయే ఒక నిధిని తీసుకోండి. వసూలు చేసేది, లెక్కపెట్టేది, ఖర్చుపెట్టేది ఎవరో మూడు గళ్లలో రాయండి. ఒకే పేరు రెండు గళ్లలో పడితే, లెక్కపెట్టే గడిలో మీ బంధువు కాని ఇద్దరిని చేర్చండి. తర్వాత 2 కొరింథీయులకు 8:19-21 చదివి, పౌలుతో ప్రయాణించే మనిషిని ఎవరు ఎన్నుకున్నారో గుర్తించి రండి. 5వ పాఠం అక్కడ మొదలవుతుంది.