పనిలో ఏకాగ్రత కుదరాలంటే ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి

ఉదయం తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెరిచి, పదకొండు దాటేసరికి మెయిళ్లకు, వాట్సాప్ సందేశాలకు జవాబులు ఇవ్వడం తప్ప అసలు పని ఏదీ ముట్టుకోలేదని గ్రహించడం ఇంటి నుంచి పనిచేసేవారికి కొత్తేమీ కాదు. దాన్ని బద్ధకం అనుకుని తమను తాము తిట్టుకునేవారే ఎక్కువ. నా అనుభవంలో మాత్రం లోపం మనిషిలో కన్నా, ముందురోజు రాత్రి చేయకుండా వదిలేసిన చిన్న ఏర్పాట్లలోనే ఎక్కువగా కనిపించింది.

పడుకునే ముందు, మర్నాటి పనులన్నిటిలో అత్యంత కష్టమైన ఒక్కదాన్ని కాగితం మీద రాసుకోవాలి. క్యాలెండర్ నుంచి చింపిన పాత నెల కాగితం వెనకవైపు చాలు. అయితే రాసే తీరు ముఖ్యం. 'రేపు నివేదిక పూర్తిచేయాలి' అని రాస్తే అది కోరికగానే మిగులుతుంది. 'కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించగానే, ఖర్చుల పట్టిక కింద రెండు పేరాలు రాస్తాను' అని రాస్తే, ఎప్పుడు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అప్పుడే తేలిపోతుంది. 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అన్న రూపంలో చేసుకున్న నిర్ణయాలు వట్టి సంకల్పాల కన్నా ఎక్కువగా నెరవేరుతాయని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు.

రెండో ఏర్పాటు ఫోను గురించి. దాన్ని బోర్లా పెట్టడం, శబ్దం ఆపేయడం నాకు ఏనాడూ సరిపోలేదు. చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది. ఇప్పుడు ఇంట్లోవాళ్ల కాల్స్ మాత్రమే మోగేలా అమర్చి, వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వస్తున్నాను. లేచి వెళ్లి తెచ్చుకోవాలంటే, అవసరమా కాదా అని ఆలోచించే వ్యవధి దొరుకుతుంది.

పనిని కాలపరిమితులుగా విడదీసుకునే పద్ధతుల్లో పొమొడోరో ప్రసిద్ధం. 1980ల చివర్లో ఫ్రాన్చెస్కో చిరిల్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టొమాటో ఆకారంలోని వంటింటి టైమర్‌తో దీన్ని మొదలుపెట్టారు. ఇటాలియన్‌లో పొమొడోరో అన్న మాటకు టొమాటో అనే అర్థం. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. బిల్లులు సరిచూడడం వంటి విసుగు పనులకు ఇది చక్కగా పనికొస్తుంది. రాతపనికీ, కోడింగ్‌కూ మాత్రం ఆలోచన పాకాన పడే వేళకే గంట మోగుతుంది కాబట్టి, 45 నిమిషాలు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే కళ్ల కోసం ప్రతి 20 నిమిషాలకూ ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లపాటు చూడాలి. కిటికీ బయట కొబ్బరిచెట్టు ఉంటే అంతకన్నా ఏం కావాలి?

మధ్యలో ఎవరైనా పిలిస్తే, లేచేముందు 'ఇక్కడ ఆపాను, తర్వాత ఇది చేయాలి' అని ఒక్క ముక్క రాసి లేవాలి. ఒక పని వదిలి మరో పనికి మారినా, మన ధ్యాసలో కొంత భాగం పాత పనినే పట్టుకుని ఉంటుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపారు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే తిరిగి అందుకోవడం తేలిక.

మధ్యాహ్నం కునుకుకు శరీర గడియారం కొంత కారణమైతే, పళ్లెం నిండా పెట్టుకున్న తెల్లన్నం కొంత కారణం. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచుకుని, తిన్నాక పది నిమిషాలు నడవాలి. కునుకు ఆపుకోవడానికి నాలుగింటికి కాఫీ తాగితే, అందులోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి తొమ్మిదికి కూడా ఒంట్లోనే ఉంటుంది. కనీసం 7 గంటలు ఉండవలసిన నిద్ర అక్కడే దెబ్బతింటుంది, మర్నాటి ఏకాగ్రతా దాంతోనే పోతుంది.

21 రోజుల్లో ఏ అలవాటైనా స్థిరపడుతుందన్న ప్రచారాన్ని నమ్మి, ఇరవై రెండో రోజున నిరాశపడనక్కర్లేదు. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించినప్పుడు అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తినీ, అలవాటునూ బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల పెద్ద నష్టమేమీ కనిపించలేదు. సంక్రాంతికి ఊరెళ్లి కాగితం సంగతే మరిచిపోతే, తిరిగొచ్చిన రాత్రి, పెట్టె సర్దకపోయినా సరే, ఆ ఒక్క వాక్యం రాసుకుని పడుకోవాలి.