పరిగెత్తేటప్పుడు పాదం ఎక్కడ పడాలి?

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, మా ఊరి కాలేజీ గ్రౌండ్ తెల్లవారుజామున నాలుగున్నరకే నిండిపోతుంది. 1600 మీటర్లు గడువులోపు కొట్టాలి, అది పోతే మిగతా ఈవెంట్స్ ఎంత బాగా చేసినా లాభం లేదు. పదిహేనేళ్లుగా నేనూ అక్కడే పరిగెడుతున్నాను, అడిగినవాళ్లకు తెలిసింది చెబుతున్నాను. ప్రతిసారీ జరిగేది ఒకటే. మూడో వారానికల్లా సగం మంది మోకాలి కింద ముందు ఎముక పట్టుకుని గట్టు మీద కూర్చుంటారు, షిన్ పెయిన్ అంటారు. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా రోజుకు ఐదారు కిలోమీటర్లు మొదలుపెట్టడం ఒక కారణం. పాదం పడాల్సిన చోట పడకపోవడం ఇంకో కారణం. మొదటిది ఎవరికైనా చెబితే అర్థమవుతుంది, రెండోదే ఎవరూ పట్టించుకోరు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాలికి సరిపోయే మామూలు రన్నింగ్ షూస్, బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉంటే చాలు. మట్టి నేల మీదే నేర్చుకోవాలి, సీసీ రోడ్డు మీద వద్దు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండకూడదు, మీ పాదం చప్పుడు మీకు వినపడాలి. పది నిమిషాలు నడిచి, కాస్త జాగింగ్ చేసి, ఒళ్లు వెచ్చబడ్డాక మొదలుపెట్టండి.

ముందుగా ఇప్పుడు మీ పాదం ఎలా పడుతోందో చూసుకోవాలి. ఫ్రెండ్‌కి ఫోన్ ఇచ్చి, పక్క నుంచి, మోకాలి ఎత్తులో పట్టుకుని స్లో మోషన్‌లో వీడియో తీయమనండి. కెమెరా ఉందని స్టైల్‌గా పరిగెత్తొద్దు, రోజూ ఎలా పరిగెడతారో అలాగే పరిగెత్తండి. షూ నేలను తాకిన మొదటి క్షణం దగ్గర వీడియో ఆపి, చీలమండ ఎక్కడుంది, మోకాలు ఎక్కడుంది చూడండి. చీలమండ మోకాలి కంటే బాగా ముందుకు పోయి, కాలు కర్రలా చాచుకుని ఉంటే అదే తప్పు. వీడియో లేకపోయినా నేలే చెబుతుంది. రాత్రి వాన పడిన మట్టి మీద ఒక రౌండ్ కొట్టి వెనక్కి వచ్చి అడుగులు చూడండి. మడమ దగ్గర లోతుగా గుంట పడి, మట్టి ముందుకు నెట్టుకుపోయి ఉంటే, మీరు ప్రతి అడుగులో బ్రేక్ వేస్తున్నట్టే.

ఇక అసలు విషయానికి వద్దాం, అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. "మడమ మీద పడాలా, మునివేళ్ల మీద పడాలా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నే సరైంది కాదు. పాదంలో ఏ భాగం ముందు తాకింది అన్నది తర్వాతి సంగతి, పాదం ఎక్కడ తాకింది అన్నదే ముఖ్యం. తాకే క్షణానికి పాదం దాదాపు మోకాలి కిందే ఉండాలి, మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. తుంటి కంటే పాదం కాస్త ముందు పడటం సహజం, దాన్ని చూసి కంగారు పడొద్దు. కాలు చాచి దూరంగా వేస్తే మాత్రం ఒంటి బరువుకు రెండు మూడింతల దెబ్బ వంగని మోకాలి మీద, ఆ ముందు ఎముక మీద పడుతుంది, పైగా ఉన్న వేగం కూడా తగ్గుతుంది. పెద్ద పెద్ద అంగలు వేస్తే తొందరగా చేరతామని చాలామంది అనుకుంటారు. వేగం వచ్చేది కాలు ముందుకు చాచడం వల్ల కాదు, వెనక కాలితో నేలను నెట్టడం వల్ల.

దీన్ని ఒంటికి ఇలా నేర్పించాలి. ఉన్నచోటే నిలబడి పరిగెత్తండి, అలా ఇరవై లెక్కపెట్టండి. అప్పుడు పాదం ఎక్కడ పడుతోందో గమనించండి, సరిగ్గా మీ కిందే పడుతుంది, వేరేచోట పడే వీలే లేదు. ఇప్పుడు నడుము వంచకుండా, చీలమండ దగ్గర నుంచి ఒళ్లంతా ఒకే కర్రలా కొంచెం ముందుకు వాల్చండి. పరుగు దానంతటదే ముందుకు సాగుతుంది. ముప్పై మీటర్లు వెళ్లి ఆగండి, మళ్లీ మొదటి నుంచి చేయండి. ఇలా రోజుకు ఆరుసార్లు చాలు. నడుము దగ్గర వంగారంటే మాత్రం మొత్తం పోయినట్టే, ఎందుకంటే పడిపోకుండా కాలు మళ్లీ ముందుకు చాచుకుంటుంది.

దానితోపాటు అడుగులు లెక్కపెట్టండి. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు పడుతోంది? 38 అనుకోండి, అదే వేగంతో పరిగెడుతూ దాన్ని 40 చేయండి. అంతకంటే ఎక్కువ వద్దు. నిమిషానికి 180 అడుగులు పడాలని ఎక్కడో విని ఒక్కరోజులో అక్కడికి దూకేవాళ్లున్నారు, ఆయాసం తప్ప ఏమీ మిగలదు. మీ లెక్కకు ఐదు శాతం కలిపితే చాలు, అడుగు చిన్నదై పాదం దానంతటదే దగ్గరగా పడుతుంది. పాదాన్ని మీ చేతిలోకి తీసుకుని ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు అని శాసించే పని లేకుండా లోపల్లోపలే సర్దుకుంటుంది, అందుకే అన్ని పద్ధతుల్లోకీ నాకు ఇదే గురి.

మునివేళ్ల మీద పరిగెత్తమని చెప్పే వీడియోలతో నాకు ఎప్పుడూ పేచీయే. షూస్ లేకపోతే ఎవరైనా మునివేళ్ల మీదే పడతారని, ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్త కాళ్లతోనే గెలిచాడు కదా అని అంటారు. నిజమే, గెలిచాడు. కానీ 1964లో టోక్యోలో మళ్లీ గెలిచినప్పుడు అతని కాళ్లకు షూస్ ఉన్నాయి, ఆ మాట ఎవరూ చెప్పరు. జపాన్‌లో ఒక హాఫ్ మారథాన్‌లో 15 కిలోమీటర్ల దగ్గర కెమెరా పెట్టి చూస్తే, మేటి రన్నర్లలో దాదాపు ముప్పావు వంతు మందికి మడమే ముందు తాకింది, ఆ పరిశోధన 2007లో అచ్చయింది. మడమ తాకడం నేరమైతే వాళ్లంతా అక్కడిదాకా ఎలా వచ్చారు? పాదం మోకాలి కింద పడుతున్నప్పుడు మడమ సుతారంగా తాకినా, అరికాలు మొత్తం ఒకేసారి తాకినా ఏం కాదు. నాకైతే అరికాలు మొత్తం ఒకేసారి ఆనడమే ఇష్టం, నా దగ్గరికి వచ్చినవాళ్లకు అదే నేర్పిస్తాను. 100 మీటర్ల పరుగు సంగతి వేరు, అంత వేగంలో ఎవరికైనా పాదం ముందు భాగమే తాకుతుంది.

రెండేళ్ల కిందట ఒక కుర్రాడు మంచి ఊపిరితో వచ్చాడు, టైమ్ కూడా దగ్గరలోనే ఉంది. షిన్ పెయిన్ రావడంతో, ఎవరో చెప్పిన మాట విని ఒక్క రోజులో మునివేళ్ల మీదికి మారిపోయి, అలాగే నాలుగు కిలోమీటర్లు కొట్టాడు. మర్నాడు పిక్కలు రాయిలా బిగుసుకుని మెట్లు దిగలేకపోయాడు, అయినా ఆపలేదు. పదో రోజుకు మడమ వెనకుండే అకిలిస్ టెండన్ వాచింది. ఈవెంట్స్ రోజున గ్రౌండ్ బయట నిలబడి ఫ్రెండ్స్ బ్యాగులు పట్టుకున్నాడు. ఆ మొహం నాకింకా గుర్తుంది. ముందు భాగం మీద పడితే మోకాలి భారం తగ్గేమాట నిజమే, కానీ ఆ భారం ఎక్కడికీ పోదు, పిక్కల మీదికీ ఆ టెండన్ మీదికీ దిగుతుంది, అవి దానికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది.

కాబట్టి మొదటి వారం కొత్త పద్ధతిలో ఒక్కో నిమిషం చొప్పున ఐదుసార్లే పరిగెత్తండి, మిగతాదంతా మీ పాత పరుగే. వారానికి ఒక్కో నిమిషం పెంచుకుంటూ పోండి. పిక్కలు కాస్త పట్టేసినట్టుంటే ఫర్వాలేదు, రెండు రోజుల్లో పోతుంది. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ వెనక సూదిలా గుచ్చితే మాత్రం ఆరోజు పరుగు మానేయండి. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి ప్రాణం తీస్తుంటే డాక్టర్‌కి చూపించండి, అది మామూలు షిన్ పెయిన్ కాకపోవచ్చు, ఎముకలో సన్నని పగులు కూడా అయి ఉండొచ్చు.

ఏ నొప్పీ లేకుండా టైమ్ కొడుతున్నవాళ్లు పాదం ఎలా పడుతున్నా దాని జోలికి వెళ్లొద్దు. ఈవెంట్స్‌కి మూడు వారాల్లోపే ఉన్నవాళ్లు కూడా ఇవేవీ ఇప్పుడు ముట్టుకోవద్దు, అలవాటైన తీరులోనే పరిగెత్తి రండి. అవి అయిపోయి, వారం రోజులు కాళ్లకు రెస్ట్ ఇచ్చాక తీరిగ్గా మొదలుపెడదాం.