బాలింత ఇంటికి వెళ్లినప్పుడు పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడం ఎలా?

సంచిలో డిజిటల్ థర్మామీటరు, తూకం, సబ్బు, సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే చాలు. సెల్‌ఫోన్ చూసి లెక్కపెట్టొద్దు. సరిగ్గా నలభై దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే పుట్టిన రోజున కూడా. నేను ఏఎన్‌ఎంని, అంటే ఊరి నర్సుని, వీలైనప్పుడల్లా వాళ్లతో కలిసి వెళ్తాను. పొద్దున పదిన్నర దాటాకే వెళ్లండి. అప్పటికి బిడ్డ కడుపు నిండా పాలు తాగి పడుకుంటుంది.

గడపలోనే అమ్మమ్మను పలకరించండి. "ఏం పెద్దమ్మా, రాత్రి నిద్రపోనిచ్చాడా మనవడు?" అంటే చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని చాప మీద కూర్చోండి. కుర్చీ వేస్తామన్నా వద్దనండి.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. వెళ్లగానే తూకం తీస్తారు. బిడ్డ ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తుంది. ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్కకు రాదు. అందుకే బిడ్డను ముట్టుకోకముందే ఊపిరి చూడాలి. తల్లినే జుబ్బా పైకి తీయమనండి. పొట్ట మీద చెయ్యి వేయకుండా చూపు మాత్రం నిలపండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి.

నిండు నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేయడం పనికిరాదు. పసిబిడ్డ గబగబా నాలుగు ఊపిర్లు తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ గబగబా ముక్క ఒక్కటే మీ కంట పడితే లెక్క తప్పుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకలాగే 64 వచ్చింది. పాపం వాళ్లు ఆటో కట్టించుకుని టౌనుకు వెళ్తే, డాక్టరు లెక్కలో 48 తేలింది. ఆ ఇంట్లో ఆర్నెల్లు నా మాట చెల్లలేదు.

మన పక్కనున్న మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పెద్ద లెక్కలు రాని మంత్రసానులకు పూసల చట్రం, ఇసుక గడియారం ఇచ్చి ఇదే పని నేర్పారు. పది ఊపిర్లకో పూస జరపాలి. గడియారంలో ఇసుకంతా జారేదాకా ఆగాల్సిందే. మనకేమో నిమిషం ఓపిక ఉండదు!

60 లేదా అంతకు మించి వస్తే కంగారుపడకుండా మళ్లీ ఓ నిమిషం చూడండి. రెండోసారీ అంతే ఉంటే 108కి ఫోన్ చేయండి. లెక్క తక్కువున్నా సరే, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోతుగా లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు వేలాడేసినా ఆగొద్దు. బండి వచ్చేలోపు బిడ్డను తల్లి గుండెలకు ఆనించి కప్పండి.

మిగతావి తేలిక. చంకలో థర్మామీటరు పెడితే 37.5 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకు పైన గానీ ఉంటే జ్వరమే. 35.5 కంటే తగ్గినా ప్రమాదమే. తర్వాత తూకం వేయండి, ఇప్పుడు ఏడ్చినా ఫర్వాలేదు. తల్లికి రక్తస్రావం, జ్వరం ఉన్నాయేమో అడగండి. ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలని చెప్పండి. పథ్యం పేరుతో పప్పు, కూరలు మాన్పించొద్దని, బొడ్డుకు పసుపు, బూడిద రాయొద్దని మాత్రం అమ్మమ్మకే చెప్పండి. గడపలో పలకరించింది ఇందుకే.