రిక్రూట్‌మెంట్ పాఠాలు - 4: నోటీస్ పీరియడ్ కాలమ్

ఈ వారం జీతం బేరం గురించి చెప్తానన్నాను. అది వచ్చే వారానికి జరిగింది. కారణం మీరు పంపిన షీట్లే.

మూడో పాఠంలో జావా డెవలపర్ పొజిషన్ కోసం మొదటి కాల్ మాట్లాడి, వివరాలు ఎక్సెల్‌లో నింపమన్నాను. నింపారు. స్కిల్స్ కాలమ్ బాగుంది. లొకేషన్ దగ్గర ఒకరు "ఎల్బీ నగర్‌లో ఉంటాడు, నానక్‌రామ్‌గూడకి వారానికి మూడు రోజులైతేనే వస్తాడు" అని రాశారు. అలాంటి ముక్కలే నాకు కావాలి. పక్కనే నోటీస్ పీరియడ్ కాలమ్, అంటే రిజైన్ చేశాక పాత కంపెనీలో ఇంకా ఎన్ని రోజులు పనిచేయాలో రాసేది, చూస్తే తల పట్టుకున్నాను. "ఇమ్మీడియట్", "15-30 డేస్", "నెగోషియబుల్", "త్రీ మంత్స్ బట్ కెన్ జాయిన్ ఎర్లీ". ఒక్కరంటే ఒక్కరు తేదీ రాయలేదు. ఆ కాలమ్‌లో ఉండాల్సింది తేదీ.

మీలో చాలామంది మాదాపూర్‌లోనో అమీర్‌పేటలోనో ఏదో కన్సల్టెన్సీలో ట్రైనీగా చేరినవాళ్లే. కాబట్టి క్లయింట్, వెండర్, ఫిక్స్‌డ్, వేరియబుల్ లాంటివి మళ్లీ చెప్పను. డబ్బు సంగతి మాత్రం ఒకసారి చూద్దాం. పర్మనెంట్ పొజిషన్లలో క్లయింట్, అంటే మనిషి కావాలన్న కంపెనీ, మనకిచ్చే ఫీజు తరచుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. 12 లక్షల క్యాండిడేట్ చేరితే దాదాపు లక్ష రూపాయల బిల్లు, పైన 18 శాతం జీఎస్టీ. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఆ బిల్లు లేదు, క్యాండిడేట్ చేరిన తర్వాతే ఉంటుంది. చేరాక కూడా 60 రోజులో 90 రోజులో రీప్లేస్‌మెంట్ క్లాజ్ ఉంటుంది. ఈలోపు అతను మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టాలి. మీ ఇన్సెంటివ్ కూడా ఆ బిల్లుకే వేలాడుతూ ఉంటుంది. ఆఫర్‌కీ జాయినింగ్‌కీ మధ్య ఉన్నదంతా నోటీస్ పీరియడే. ఆ కాలమ్‌లో "నెగోషియబుల్" అని రాసి క్లయింట్‌కి పంపితే మీరేమీ చెప్పనట్టే.

హైదరాబాద్‌లో పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లకి 90 రోజుల నోటీస్ మామూలు. ఈ సంగతి క్యాండిడేట్‌కి తెలుసు. 90 అంటే మీరు ఫోన్ పెట్టేస్తారని కూడా తెలుసు. అందుకే 30 అంటాడు. అది అబద్ధం అనుకోవద్దు, అతని ఆశ. ఆ ఆశని మీరు షీట్‌లోకి ఎక్కించడమే నా కోపం.

కాల్ ఇలా సాగాలి.

"నోటీస్ ఎంతండీ?"

"థర్టీ డేస్ మేడమ్."

"మీ ఆఫర్ లెటర్‌లో ఎంతుంది?"

"అందులో నైంటీ ఉంది. కానీ మా మేనేజర్ మంచాయన, వదిలేస్తారు."

"మీ టీమ్‌లో ఈమధ్య మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లని ఎన్ని రోజుల్లో వదిలారు?"

"ఒకతను... ఫుల్ నైంటీ చేశాడు మేడమ్."

అయిపోయింది. షీట్‌లో 90 రాయండి. ఈ మూడో ప్రశ్న ఏ ట్రైనింగ్ పీపీటీలోనూ ఉండదు, నాకు మాత్రం ఇది లేకుండా కాల్ పూర్తికాదు. మేనేజర్ మంచితనం గురించి అడిగితే అందరూ మంచివాడనే అంటారు. పక్క సీటువాడు ఎప్పుడు వెళ్లాడో అడిగితే నిజం వస్తుంది.

రెండో రకం, "ఆల్రెడీ రిజైన్ చేశాను" అనేవాళ్లు. ఎవరికి చెప్పారు అని అడగండి. మేనేజర్‌కి క్యాంటీన్‌లో నోటిమాటగా చెప్పడం రిజిగ్నేషన్ కాదు. పోర్టల్‌లో పెట్టాలి, లేదా మెయిల్ పంపాలి, అవతల నుంచి లాస్ట్ వర్కింగ్ డే రావాలి. ఆ స్క్రీన్‌షాట్ అడగడానికి మొహమాటపడకండి. తేదీ లెక్క మీరూ వేసుకోండి. జూన్ 10న పెట్టిన రిజిగ్నేషన్‌కి 90 రోజులంటే సెప్టెంబర్ 7 లేదా 8, మొదటి రోజుని కలుపుతారా లేదా అన్నదాన్ని బట్టి. "మూడు నెలలు" అని ఉంటే రెండు రోజులు అటు పోతుంది. రెండు రోజులేగా అనిపిస్తుంది, కానీ క్లయింట్ దగ్గర జాయినింగ్ సోమవారాల్లో మాత్రమే ఉంటే ఆ రెండు రోజులే వారం అవుతాయి. నోటీస్‌లో లీవ్ పెడితే కొన్ని కంపెనీలు నోటీస్‌ని అన్ని రోజులు పొడిగిస్తాయి. కాబట్టి "శ్రావణంలో చెల్లి పెళ్లి ఉందండీ" అన్న మాట కబుర్లలో వచ్చినా ఆ రోజులు కూడా రాసుకోండి. మంచిరోజు చూసుకుని చేరతానంటే నవ్వకండి. ఆషాఢం దాటాక చేరతానని ముందే చెప్పినవాడు, చేరే రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసేవాడికంటే వంద రెట్లు నయం.

నోటీస్ సర్వ్ చేస్తున్నాడు, ఇంకో ఇరవై రోజులే ఉంది అంటే మీకు సంబరం. నాకు టెన్షన్. చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా రిజైన్ చేసేవాళ్లు తక్కువ. "ఇప్పటికి ఎన్ని ఆఫర్లున్నాయి, ఎంతకి, ఏ తేదీకి?" అని మొదటి కాల్‌లోనే అడగాలి. చెప్పకపోతే మన ఆఫర్ పట్టుకుని అక్కడ రేటు పెంచుకుంటాడు.

బైఅవుట్, అంటే మిగిలిన నోటీస్ రోజులకి డబ్బు కట్టి ముందే బయటపడటం, దాని గురించి ముగ్గురు నలుగురు అడిగారు. కంపెనీ ఒప్పుకుంటేనే బైఅవుట్. అది క్యాండిడేట్ హక్కు కాదు, మన చేతిలోనిదీ కాదు. నెలకి 80,000 గ్రాస్ ఉన్నవాడు 30 రోజులు చేసి మిగతా 60 రోజులు కొనుక్కోవాలంటే, గ్రాస్ మీద లెక్కేస్తే 1,60,000 కట్టాలి. కొన్ని కంపెనీలు బేసిక్ మీదే లెక్కేస్తాయి, అప్పుడు బాగా తగ్గుతుంది. ఎవరు కడతారో క్లయింట్ హెచ్‌ఆర్‌ని ముందే అడిగి మెయిల్‌లో తెచ్చుకోండి. ఫోన్‌లో "చూద్దాంలే" అన్నది లెక్కలోకి రాదు.

"చెప్పకుండా మానేసి చేరిపోతాను మేడమ్" అనేవాడిని అక్కడే ఆపేయండి. పాత కంపెనీ వదిలిపెట్టినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుకుంటారు. యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీలూ మానేసిన తేదీలూ ఎలాగూ కనబడతాయి.

నైట్ షిఫ్ట్‌లో యూఎస్ స్టాఫింగ్ (అమెరికా కంపెనీలకి అక్కడి మనుషుల్ని వెతకడం) చేసి డొమెస్టిక్‌కి, అంటే ఇక్కడి ఉద్యోగాలకి, మారినవాళ్లకి ఒక మాట. అక్కడి క్యాండిడేట్ "టూ వీక్స్" అంటే నిజంగానే రెండు వారాలు, అక్కడి అలవాటు అది. ఆ చెవితో ఇక్కడి క్యాండిడేట్‌ని వినకండి.

మరి 90 రోజులవాళ్లని వదిలేయాలా? వద్దు. క్లయింట్‌కి ఉన్నదున్నట్టు చెప్పి పంపండి. ఇరవై రోజుల్లో మనిషి కావాలన్న మేనేజర్, ఇంటర్వ్యూలు మూడు రౌండ్లు లాగి, అప్రూవల్‌కి ఇంకో పది రోజులు తీసుకుని, చివరికి 90 రోజులవాడికే ఓకే చెప్పడం మన ఫీల్డ్‌లో రోజూ జరిగేదే. ముందే నిజం చెప్పిన రిక్రూటర్‌కి రెండో పొజిషన్ వస్తుంది. 30 అని పంపి తర్వాత 90 అని నసిగితే ఆ క్లయింట్ మీ మెయిల్ తెరవడు.

ఇంకొక చిన్న సంగతి. ఈ ప్రశ్నలు వాట్సాప్‌లో అడగొద్దు. టైప్ చేసేటప్పుడు మనిషి ఆలోచించుకుని జవాబిస్తాడు. ఫోన్‌లో ఆగిన చోటు మీకు వినబడుతుంది. నేను రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో చేస్తాను, ఆఫీసులో ఉంటే పక్కన మేనేజర్ ఉంటాడు, మాట బయటికి రాదు. ముందు "ఇప్పుడు మాట్లాడొచ్చా అండీ" అని అడిగి చేయండి. ఈ వివరాలు ఏటీఎస్‌లో (క్యాండిడేట్ల వివరాలు పెట్టే ఆఫీసు సాఫ్ట్‌వేర్) కాదు, ఎక్సెల్‌లోనే పెట్టుకోండి, తేదీ కాలమ్‌ని సార్ట్ చేస్తే ఎవరు ముందు వస్తారో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇది నా పిచ్చి, మీ ఆఫీసులో ఒప్పుకోకపోతే రెండు చోట్లా నింపండి.

అభ్యాసం. పోయినసారి షీట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ మళ్లీ ఫోన్ చేయండి. అవును, అందరికీ. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. నోటీస్ కాలమ్ తీసేసి నాలుగు కాలమ్‌లు పెట్టండి: లెటర్‌లో ఉన్న రోజులు, రిజైన్ చేసిన తేదీ, లాస్ట్ వర్కింగ్ డే, దానికి ఆధారం ఏం చూశారు. రిజైన్ చేయనివాళ్లకి ఇవాళ ఆఫర్ వస్తే ఏ సోమవారం చేరగలరో మీరే లెక్కగట్టి రాయండి. ఆధారం చూడనివాళ్ల వరుసకి పసుపు రంగు వేయండి. ఎన్ని వరుసలు పసుపైనా పర్వాలేదు, తెల్లగా ఉన్నదాని మీద మాత్రం నేను ప్రశ్న అడుగుతాను.

గురువారం రాత్రిలోగా పంపండి. పంపేముందు క్యాండిడేట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, మెయిళ్లు తీసేసి వరుస సంఖ్యలు పెట్టండి. పోయినసారి సగం మంది అలాగే పంపేశారు.