ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ఎక్కువ చూపిస్తోందా? యాంటెన్నా కోసే ముందు ఇవి చూడండి

కొత్తగా హామ్ (సరదాకి నడిపే రేడియో) లైసెన్స్ వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మీటర్ 2 దాటుతోంది, రాడ్డు ఎంత కోయాలి?" అప్పుడే కోయొద్దు అంటాను. కోసిన రాడ్డు మళ్లీ పెరగదు. పైగా నేను చూసిన కేసుల్లో చాలావాటికి యాంటెన్నా బాగానే ఉంది, లోపం కేబుల్లోనో కనెక్టర్లోనో దొరికింది. రేడియో పక్కన కూర్చున్న ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) మీటర్‌కు తెలిసేది ఒక్కటే: పైకి ఎంత పవర్ వెళ్లింది, ఎంత వెనక్కి వచ్చింది. ఎక్కడి నుంచి వెనక్కి వచ్చిందో అది చెప్పదు. అది మనమే వెతుక్కోవాలి.

ఇక్కడ ఉదాహరణగా చాలామంది డాబా మీద ఉండేదాన్నే తీసుకుంటున్నాను: 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు క్వార్టర్ వేవ్ (అల పొడవులో నాలుగో వంతు) గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా, అంటే నిలువు రాడ్డు ఒకటి, కింద చుట్టూ చాచిన నాలుగు రాడ్లు (రేడియల్స్), దానికి 20 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్న కోయాక్సియల్ కేబుల్. రీడింగ్ 1.5 ఉంటే వెనక్కి వచ్చేది 4 శాతం, 2 ఉంటే 11, 3 ఉంటే 25. 1.5 లోపు ఉంటే దాన్ని ఇంకా తగ్గించాలని టెన్షన్ పడకండి. 2 దాటితే మాత్రం చాలా రేడియోలు తమను తాము కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తాయి.

పరీక్షలన్నీ తక్కువ పవర్ మీద చేయండి. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో ముందు విని, కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే మీ రేడియో పేరు) చెప్పి, పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) రెండు మూడు సెకన్లు మాత్రమే నొక్కండి. నొక్కినప్పుడు పైన రాడ్డును ఎవరూ పట్టుకుని ఉండకూడదు. డాబా పక్కనుంచి కరెంటు తీగలు పోతుంటే యాంటెన్నా పైపు ఒక్కరే ఎత్తొద్దు.

డమ్మీ లోడ్ పెట్టినా రీడింగ్ ఎక్కువే

మొదటి పరీక్ష ఇదే కావాలి. యాంటెన్నా కేబుల్ విప్పి, మీటర్‌కు నేరుగా 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టర్) బిగించండి. 1.1 దరిదాపుల్లో రావాలి. రాకపోతే ఇంక డాబా ఎక్కే పని లేదు, లోపం బల్ల మీదే ఉంది. మీటర్ వెనక 'రేడియో', 'యాంటెన్నా' సాకెట్లు తారుమారయ్యాయేమో చూడండి. ఒక్క ముల్లు మీటర్ అయితే ముందు స్విచ్ ఫార్వర్డ్‌లో (పైకి వెళ్లే పవర్) పెట్టి, పీటీటీ నొక్కి, క్యాలిబ్రేషన్ నాబ్‌తో ముల్లును 'సెట్' గీత మీదికి తెచ్చి, తర్వాతే రిఫ్లెక్టెడ్‌కు (వెనక్కి వచ్చే పవర్) మార్చి చదవాలి. పవర్ మార్చిన ప్రతిసారీ, ఫ్రీక్వెన్సీ బాగా మార్చినప్పుడూ మళ్లీ సెట్ చేయాలి. 1.8 నుంచి 60 మెగాహెర్ట్జ్ వరకు చేసిన మీటర్‌ను 145 మీద వాడితే ఆ రీడింగ్‌ను నమ్మలేం. ఇవన్నీ సరిగ్గా ఉంటే రేడియోకూ మీటర్‌కూ మధ్య ఉన్న చిన్న ముక్క కేబుల్ మార్చి చూడండి.

ముల్లు చివరికంటా పోతోంది, ఏ ఫ్రీక్వెన్సీ మీదైనా అంతే

ఎక్కడో తెగింది, లేదా షార్ట్ అయింది. కేబుల్ రెండు చివర్లూ విప్పి మల్టీమీటర్ పెట్టండి. మధ్య పిన్నుకూ బయటి బాడీకీ మధ్య కంటిన్యుటీ (మల్టీమీటర్ బీప్ కొట్టే కనెక్షన్) అసలు ఉండకూడదు. ఒక చివర పిన్ను నుంచి రెండో చివర పిన్నుకు, బాడీ నుంచి బాడీకి ఉండాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు కనెక్టర్ దగ్గర కేబుల్‌ను కొంచెం అటూ ఇటూ వంచండి, దొంగ కాంటాక్ట్ ఉంటే బీప్ ఆగి ఆగి వస్తుంది. పీఎల్-259 కనెక్టర్ సోల్డరింగ్‌లో కేబుల్ బయటి పొరైన రాగి జడలోని వెంట్రుకంత తీగ ఒకటి మధ్య పిన్నుకు తగిలి ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో.

ఒక జాగ్రత్త: యాంటెన్నా వైపు మల్టీమీటర్ పెట్టినప్పుడు షార్ట్ చూపిస్తే కంగారు పడొద్దు. జే-పోల్, స్లిమ్ జిమ్, ఫోల్డెడ్ డైపోల్ లాంటి యాంటెన్నాలు డీసీకి షార్ట్‌గానే ఉంటాయి. మన గ్రౌండ్ ప్లేన్ మాత్రం ఓపెన్ చూపించాలి.

రీడింగ్ ఒక వైపుకు పెరుగుతూ పోతోంది

కేబుల్ మంచిదని తేలాకే కత్తెర ముట్టుకోవాలి. 144, 145, 146 మీద రీడింగ్ తీసి కాగితం మీద రాయండి. 1.8, 2.0, 2.2 అని వచ్చాయనుకోండి. కింది ఫ్రీక్వెన్సీ వైపు తగ్గుతోంది కాబట్టి రాడ్డు పొడవు ఎక్కువైంది. పైకి వెళ్లేకొద్దీ తగ్గితే పొట్టిదైంది.

ఈ ఉదాహరణ ఊరికే ఇవ్వలేదు. 300ను 145తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది, దాన్ని మళ్లీ 4తో భాగిస్తే 51.7 సెంటీమీటర్లు వస్తుంది. చాలామంది రాడ్డును అంతే పొడవు కోసి బిగించేస్తారు. గాల్లో లెక్కకు వచ్చిన పొడవులో సుమారు 95 శాతమే లోహపు రాడ్డుకు సరిపోతుంది, అంటే 49 సెంటీమీటర్లు. అయినా రెండున్నర సెంటీమీటర్లూ ఒకేసారి కోయకండి. 5 మిల్లీమీటర్లు తీస్తే దాదాపు 1 శాతం, అంటే రీడింగ్ అతి తక్కువగా ఉండే చోటు (కనిష్ఠం) ఒకటిన్నర మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. కోయడం, కొలవడం, రాయడం, మళ్లీ కోయడం. నానోవీఎన్ఏ (యాంటెన్నాను ఫ్రీక్వెన్సీల వారీగా కొలిచే చిన్న పరికరం) ఉంటే అసలు కనిష్ఠం బ్యాండ్ బయట ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. మామూలు మీటర్‌తో మన బ్యాండ్ దాటి ట్రాన్స్‌మిట్ చేయకూడదు.

కనిష్ఠం 145 దగ్గరే ఉంది, కానీ 1.5 కిందికి దిగట్లేదు

పొడవు సరిపోయింది, ఇంపెడెన్స్ (రేడియో కరెంటుకు యాంటెన్నా చూపే అడ్డు, 50 ఓమ్‌లు కావాలి) సరిపోలేదు. రేడియల్స్ అడ్డంగా చాచి ఉంటే సుమారు 36 ఓమ్‌లు ఉంటుంది. వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే 50కి దగ్గరవుతుంది. ఇనుప రెయిలింగ్, డీటీహెచ్ గొడుగు, మెట్ల గది ఇనుప తలుపు పక్కనే ఉంటే ఎంత వంచినా లాభం లేదు, యాంటెన్నాను ఇంకో రెండు మీటర్లు ఎత్తండి.

కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే రీడింగ్ మారుతోంది

కేబుల్ పైపొర మీద కూడా కరెంటు పారుతోంది, అంటే కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమైపోయింది. రేడియల్స్ బోల్టులు తుప్పుపట్టి వదులయ్యాయేమో చూసి, గీకి బిగించండి. యాంటెన్నా కిందనే కేబుల్‌కు నాలుగైదు ఫెరైట్ క్లిప్‌లు (ఆ కరెంటును అడ్డుకునే నల్ల దిమ్మలు) వేయండి.

రీడింగ్ చక్కగా ఉంది, కానీ అవతలివాళ్లకు సరిగా వినపడట్లేదు

అన్నిటికంటే మోసం చేసేది ఇదే. నేను కాకినాడలో ఉన్నప్పుడు రెండు వానాకాలాలు గడిచాక మీటర్ 1.2కు వచ్చింది. బాగుపడిందని సంతోషించాను. కానీ అవతల నుంచి "గొంతు పోతోంది" అన్న మాట రోజురోజుకూ ఎక్కువైంది. చివరికి డాబా ఎక్కి కేబుల్ పై చివర యాంటెన్నా నుంచి విప్పేసి, కిందకొచ్చి 5 వాట్ల మీద ఒక్క క్షణం పీటీటీ నొక్కాను. 1.3! అవతల ఏమీ లేకపోయినా మీటర్ బ్రహ్మాండం అంటోంది.

పైకి వెళ్లేది సగానికి పైగా కేబులే తినేసి, వెనక్కి వచ్చేదాన్నీ తినేస్తే మీటర్‌కు కనిపించేది ఏముంటుంది? 145 దగ్గర కొత్త ఆర్‌జీ-58 కూడా 20 మీటర్లకు సుమారు 4 డీబీ (పవర్‌లో 60 శాతం) తింటుంది, కాబట్టి చివర ఓపెన్‌గా వదిలితే 2.3 దాకా చూపించాలి. 1.3 వచ్చిందంటే 9 డీబీ పోతోంది. 50 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది 6 వాట్లు.

పై కనెక్టర్ కోశాను. ఎర్రగా ఉండాల్సిన రాగి జడ నల్లగా మాడినట్టుంది, పిన్ను చుట్టూ ఆకుపచ్చ పొడి. ఒక జానెడు లోపలికి కోసినా అదే నలుపు. మూరెడు కోసి వంచితే ఒక నీటి చుక్క జారి నా వేలి మీద పడింది. కేబుల్ మొత్తం తీసేయాల్సి వచ్చింది.

పీఎల్-259 వాననీటిని ఆపదు. బిగించాక సాగే రబ్బరు టేపు కింది నుంచి పైకి, పొర సగం పొర మీద పడేలా చుట్టి, దాని మీద మామూలు నల్ల టేపు వేయండి. కేబుల్ గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలండి, నీళ్లు అక్కడి నుంచి కారిపోతాయి. అనుమానం ఉంటే డమ్మీ లోడ్‌ను కేబుల్ పై చివర పెట్టి, మీటర్‌తో పవర్‌ను ఒకసారి కింద, ఒకసారి పైన కొలవండి. కింద 5 ఉంటే పైన 2 వాట్లు రావాలి. అంతకంటే బాగా తగ్గితే కేబుల్ మార్చాల్సిందే.

ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది, ఫార్వర్డ్ పవరే తక్కువ

మల్టీమీటర్‌ను డీసీ వోల్ట్‌లలో పెట్టి, రేడియో వెనక పవర్ వైర్ దగ్గరే కొలుస్తూ పీటీటీ నొక్కండి. 13.8 ఉండాల్సింది 12 కిందికి పడితే వైరు సన్నగా ఉంది, లేదా ఫ్యూజ్ హోల్డర్ తుప్పుపట్టింది. 50 వాట్ల రేడియో సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటుంది. దారిలో 0.1 ఓమ్ ఉన్నా ఒక వోల్టు అక్కడే పోతుంది. హోల్డర్ వేడిగా తగిలితే దొంగ దొరికినట్టే.

పవర్, ఎస్‌డబ్ల్యూఆర్ రెండూ బాగున్నా రిపీటర్ (మన మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) పలకట్లేదు

మీటర్‌ను పక్కన పెట్టి రేడియో మెనూ తెరవండి. 600 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ (మనం పంపే, వినే ఫ్రీక్వెన్సీల తేడా) ఏ వైపుకు ఉంది, టోన్ (రిపీటర్ తెరుచుకోవడానికి మాటతో పాటు పంపే సన్న శబ్దం) పెట్టారా లేదా చూడండి.